కురుపిరను ఏమని పిలవాలి?

మొన్న వేసవి సెలవుల్లో మా అక్క కూతురికి బ్రెజిల్ అడవుల్లోని కురుపిర కథ ఒకటి చెప్పడం మొదలుపెట్టాను. ఎర్రటి జుట్టు, పిల్లవాడంత ఒళ్లు, పాదాలు మాత్రం వెనక్కి తిరిగి ఉంటాయి అనే దాకా వచ్చానో లేదో, "అయితే అది దయ్యం కదా పిన్నీ!" అంది. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. దయ్యాన్ని ఎలా గుర్తుపట్టాలని మన ఊళ్లలో పెద్దవాళ్లను అడిగితే మొదట చెప్పే ఆనవాలు అదే: కాళ్లు చూడు, పాదాలు వెనక్కి తిరిగి ఉంటే వెనక్కి చూడకుండా పరుగెత్తు. పదేళ్ల పిల్లకు ఆ సంగతి మా అమ్మ చెప్పి ఉంటుంది, మా అమ్మకు వాళ్ల నాయనమ్మ చెప్పి ఉంటుంది. తరతరాలుగా వస్తున్న ఆనవాలును నేను ఒక్క మాటతో కొట్టిపారేయలేకపోయాను.

ఆ కథను పిల్లల కోసం తెలుగులో రాయాలని అప్పటికే కొన్ని రోజులుగా ప్రయత్నిస్తున్నాను. కురుపిర అనే పేరు పక్కన మొదట 'వనదేవత' అని రాసి కొట్టేశాను. తరువాత 'అడవి కాపలాదారు' అని రాశాను. చదువుతున్నకొద్దీ అదీ అతకలేదు. పేరుతోనే చిక్కు తీరలేదు. కురుపిరను వాడు అనాలా, అతడు అనాలా, ఆయన అనాలా, లేక మా పిల్ల అన్నట్టు అది అనాలా? పోర్చుగీసులో కథ చెప్పేవాళ్లకు ఈ బాధ లేదు, ఒక్క మాటతో సరిపోతుంది. తెలుగులో మాత్రం వాక్యం ముగియాలంటే ఎదుటివాడికి మనం ఇచ్చే మర్యాద ఎంతో తేల్చుకుని తీరాలి. ఈ వ్యాసంలో 'అతడు' అని రాస్తున్నాను కానీ అది తాత్కాలికమైన రాజీ.

కురుపిర పేరు కాగితం మీదకు వచ్చిన తొలి సందర్భాల్లోనూ ఇదే చిక్కు కనిపిస్తుంది. 1560 మే నెలాఖరున బ్రెజిల్ తీరంలోని సావో విసెంటె నుంచి జోజె ది అన్షియేటా అనే జెసూట్ క్రైస్తవ సన్యాసి తన సంఘం పెద్దలకు ఒక ఉత్తరం రాశాడు. అందులో అక్కడి వాతావరణం, జంతువులు, మొక్కల గురించి ఎంతో ఓపికగా వివరించిన తరువాత, ఈ దేశస్థులు కురుపిర అని పిలిచే దయ్యాలు కొన్ని ఉన్నాయని, అవి అడవిలో మనుషుల మీద పడి కొరడాలతో కొడతాయని, గాయపరుస్తాయని, చంపుతాయని రాశాడు. ఆ వెంటనే ఇంకో సంగతి చేర్చాడు. లోపలి ప్రాంతాలకు పోయే దారిలో అన్నిటికంటే ఎత్తైన కొండ శిఖరం మీద, అటుగా వెళ్లే వాళ్లు పక్షి ఈకలు, విసనకర్రలు, బాణాలు వంటివి వదిలి, తమకు కీడు చేయవద్దని కురుపిరలను వేడుకుంటారట.

అన్షియేటాకు భాష రాక ఈ మాట వాడాడని అనడానికి వీల్లేదు. పంతొమ్మిదేళ్లకే, 1553లో, బ్రెజిల్ చేరి అక్కడి ఆదివాసుల తుపి భాష నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం రాసినవాడు. 1595లో అది పోర్చుగల్‌లోని కోయింబ్రాలో అచ్చయింది. అతనికి కొరతపడ్డది పదం కాదు, గది. అదృశ్యంగా ఉండే వాటిని సర్దుకోవడానికి అతని మతంలో రెండే గదులున్నాయి, ఒకటి దైవానికి, రెండోది దైవానికి శత్రువైన దానికి. ఉరుముకు తుపి జనం పెట్టుకున్న తుపాన్ అనే పేరును మిషనరీలు తమ దేవుడికి ఇచ్చారు. అన్యంగా అనే ఆత్మ పేరును సాతానుకు ఇచ్చారు. అన్యంగా అంటే తుపి జనానికి నిజంగానే భయం ఉండేది, ఆ మాట దాచడం న్యాయం కాదు. కానీ ఒకరికి భయపడటం వేరు, అతణ్ని లోకానికి శత్రువుగా తేల్చడం వేరు. కొండ మీద ఈకలు వదిలిన మనిషి కురుపిర నుంచి పారిపోవడం లేదు. దారి అతని నేల మీదుగా పోతుంది కాబట్టి, ఆ నేలలో అడుగుపెట్టే ముందు చేయవలసిన మర్యాద చేస్తున్నాడు.

వేటగాళ్లు చెప్పే కురుపిరను ఇప్పుడు కొంచెం దగ్గరగా చూడాలి. పిడుగులు, గాలివాన వచ్చే ముందు అతడు చెట్ల మొదళ్లలో గోడల్లా నిలబడే పెద్ద వేళ్లను తట్టి చూస్తాడట, ఏ చెట్టు తట్టుకుంటుందో, ఏది కూలుతుందో తెలుసుకోవడానికి. కొన్ని చోట్ల తాబేటి డిప్పతో చేసిన గొడ్డలితో కొడతాడని చెబుతారు. ఈలలు వేసి దారి తప్పిస్తాడు. పొగాకు అంటే, చెరకు సారా అంటే ఇష్టం. అతని బారి నుంచి తప్పించుకోవాలంటే తీగను చిక్కులు చిక్కులుగా ముడివేసి దారిలో పడేయాలి. ముడి విప్పే పనిలో పడి మనిషి సంగతి మరచిపోతాడు. ఇక వెనక్కి తిరిగిన పాదాల విషయం. మన కథల్లో ఆ పాదాలు గుర్తుపట్టడానికి ఉపయోగపడే ఆనవాలు. అక్కడ అవి తప్పుదోవ పట్టించే సాధనం. వేటగాడికి అడవిలో ఉన్న ఒకే ఒక చదువు అడుగుజాడలు చదవడం. ఏ జంతువు, ఎంత బరువు, ఎంతసేపటి క్రితం, ఎటు వైపు అన్నీ అతడు నేల మీద చూసి చెబుతాడు. కురుపిర సరిగ్గా ఆ చదువునే తారుమారు చేస్తాడు. జాడ లోపలికి పోతున్నట్టు కనిపిస్తుంది, అతడు బయటికి వెళ్లి ఉంటాడు. జాడను నమ్ముకుని నడిచిన వేటగాడు అడవి నడిబొడ్డులో తేలుతాడు. ఒక మనిషి గర్వపడే నేర్పు ఏదో దానినే శిక్షగా మార్చగల ఊహ ఇది. కేవలం భయపెట్టడానికి ఇంత నిశితమైన ఊహ అవసరం లేదనిపిస్తుంది నాకు.

అయితే ఈ శిక్ష అందరికీ కాదు. ఇంటి పొయ్యి మీదకు కావలసినంత వేటాడేవాడి జోలికి కురుపిర పోడు. చూలుతో ఉన్న జంతువును, పాలు తాగే కూనలున్న తల్లిని, అవసరానికి మించి మందను చంపేవాడినే పట్టుకుంటాడు. కురుపిరకు దగ్గరి బంధువైన కైపోర సంగతీ ఇంతే. తుపిలో ఆ పేరుకు అడవిలో నివసించేవాడని అర్థం. ఒక్కోచోట మగ, ఒక్కోచోట ఆడ, చాలాచోట్ల అడవిపంది మీద స్వారీ. కైపోర కోపానికి గురైనవాడికి వేట దొరకదు, ఏ పనీ కలిసిరాదు. అందుకే బ్రెజిల్ పోర్చుగీసులో దురదృష్టవంతుణ్ని నేటికీ కైపోర అంటారు. వేట దొరకని మనిషి పేరు ఊళ్లలో, పట్నాల్లో కూడా చేతికి ఏదీ అందని మనిషి పేరుగా నిలిచిపోయింది.

ఈ కథలన్నిటిలో నన్ను ఎక్కువగా వెంటాడింది అన్యంగా కథ. పారా, మాతో గ్రోసో వంటి ప్రాంతాలకు పాలకుడిగా పనిచేసిన కోటో ది మగల్యాయిన్స్ దానిని 1876లో అచ్చువేశాడు. ఇప్పుడు సంతారెం పట్టణం ఉన్న చోటుకు దగ్గరలో తుపినంబా అనే ఆదివాసీ జాతి వేటగాడు ఒకడు పాలు తాగే కూనతో ఉన్న ఆడజింకను తరిమాడు. జింకకు దెబ్బ తగిలింది కానీ పడలేదు. కూన చేతికి చిక్కింది. అతడు చెట్టు చాటున నక్కి, ఆ కూనను అరిచేలా చేశాడు. బిడ్డ అరుపు విని తల్లి జింక నాలుగడుగుల దూరానికి వచ్చింది. బాణం వేశాడు. తృప్తిగా వేటను ఎత్తుకోబోయి చూస్తే అక్కడ జింక లేదు. ముళ్లకు ఒళ్లంతా చీరుకుపోయి, బాణం దిగబడి, అతని కన్నతల్లి పడి ఉంది. కళ్లకు గంతలు కట్టినవాడు అన్యంగా.

ఈ కథలో తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. వేటాడటం తప్పని కథ ఎక్కడా అనదు. జింకను తరమడం, బాణం వేయడం కూడా వేటలో భాగమే. తల్లికి బిడ్డ మీద ఉన్న మమకారాన్ని ఉచ్చుగా వాడుకున్న క్షణంలో ఆ మనిషి ఒక గీత దాటాడు. ఆ గీతకు అటువైపు ఉన్న తల్లి ఎవరి తల్లి అన్న తేడా చెరిగిపోయింది. జంతువుల పట్ల దయ చూపండి అనే నీతివాక్యాన్ని ఎన్నిసార్లు విన్నా కలగని వణుకు ఈ కథ వింటే కలుగుతుంది. దీనిని పిల్లలకు చెప్పవచ్చా అని చాలా రోజులు ఆలోచించి, చెప్పవచ్చనే నిర్ణయానికి వచ్చాను.

ఇవి విన్న తరువాత 'కాపలాదారు' అనే మాట నాకు ఎందుకు అతకలేదో తెలిసింది. కాపలాదారు ఇంకొకరి సొత్తును కాస్తాడు. అమెజాన్ నదీతీరాల్లో జనం పోర్చుగీసులో మాట్లాడేటప్పుడు వాడే మాటలు వేరు. జంతువులకు 'దోను' ఉన్నాడంటారు, అంటే ఆసామి. లేదా తల్లి ఉందంటారు. వాగుకు తల్లి, చెరువుకు తల్లి, వేటజంతువులకు తల్లి. తపజోస్ నదీ పరీవాహకంలోని ముందురుకు ప్రజల్లో వేటజంతువుల తల్లి గురించిన నమ్మకాన్ని గత శతాబ్దం మధ్యలో అక్కడికి వెళ్లిన పరిశోధకులు నమోదు చేశారు. ఆ తల్లిని మంచి చేసుకుంటే వేట దొరుకుతుంది, జంతువులను అవమానిస్తే ఆమె ఆగ్రహిస్తుంది. ఈ చూపులో అడవి ఎవరూ లేని చోటు కానే కాదు. అడవిపందుల మంద మీకు కనబడని ఒకరి పెంపుడు మంద. అందులోంచి ఒకదాన్ని తెచ్చుకోవడమంటే పొరుగువారి దొడ్డిలోంచి తెచ్చుకోవడం లాంటిది: అడగాలి, లెక్క మించకూడదు, తెచ్చుకున్నదాన్ని పాడుచేయకూడదు. 'అడవితల్లి' అన్న మాట పలికే తెలుగువాడికి ఇందులో సగం వెంటనే అర్థమవుతుంది. తల్లికి లెక్క అప్పగించడమనే రెండో సగం కొంచెం ఆలోచిస్తే గానీ అందదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బ్రెజిల్ 2010 జనగణనలో 305 ఆదివాసీ జాతులు, 274 భాషలు లెక్కకు వచ్చాయి. కురుపిర వీళ్లందరి దేవుడూ కాదు, వీళ్లందరికీ తెలిసినవాడూ కాదు. ఆ పేరు తుపి భాషది. మిషనరీలు, వ్యాపారులు తుపి ఆధారంగా ఏర్పరచిన వాడుక భాషతోపాటు అమెజాన్ నదుల వెంట పైకి పాకింది. ఉత్తరాన యనొమామి ప్రజలకు కురుపిరతో పని లేదు. వారికి షపిరి అనే ఆత్మలున్నాయి, అడవిలోని జంతువుల ఆదిరూపాలవి, వాటిని పిలిచి ఆడించగల వైద్యులున్నంత కాలమే ఆకాశం కూలకుండా నిలబడుతుందని ఆ జాతి నాయకుడు దావి కొపెనావా దశాబ్దాలుగా చెబుతున్నాడు. వీటన్నిటినీ కలిపి బ్రెజిల్ అడవి దేవతలు అని ఒకే బొమ్మల కొలువులో పేర్చడం నాకు ఇష్టం లేదు.

పేర్లు జనాల మధ్య ఎలా చేతులు మారతాయో చెప్పే చిన్న సంఘటన ఒకటుంది. 1848 నుంచి 1859 వరకూ అమెజాన్‌లో కీటకాలను సేకరించిన ఆంగ్లేయుడు హెన్రీ వాల్టర్ బేట్స్ దగ్గర మిశ్రమ సంతతికి చెందిన ఒక కుర్రవాడు పనిచేసేవాడు. అడవిలో అంతుచిక్కని చప్పుడు వినబడితే ఆ కుర్రవాడు వణికిపోయి, లేత తాటిజాతి ఆకును అల్లి, చుట్టలా చేసి, తాము నడిచే దారిలో కొమ్మకు వేలాడదీసిన తరువాతే కుదుటపడేవాడు. అంతుచిక్కని చప్పుళ్లన్నీ కురుపిరవేనని అక్కడి జనం అంటారని బేట్స్ రాశాడు. ఆదివాసులు కానివారు కూడా అడవిలో బతకవలసి వచ్చినప్పుడు అడవి ఆసామి ఎవరో తెలుసుకుని మసలుకున్నారు. తుపి ఆధారంగా ఏర్పడిన ఆ వాడుక భాషను మాట్లాడనివ్వకుండా పోర్చుగీసు ప్రభుత్వం 1757లో ఉత్తరువు ఇచ్చింది. అయినా నెయెంగతు పేరుతో అది రియో నెగ్రో ఎగువన ఇంకా బతికే ఉంది. 2023 జులైలో బ్రెజిల్ రాజ్యాంగం ఆ భాషలో వెలువడింది. ఆ రాజ్యాంగం సంగతి మళ్లీ వస్తుంది.

నాకు అసలు అభ్యంతరం ఉన్నది కురుపిర ఇప్పుడు పొందుతున్న గౌరవం మీద. 1970 సెప్టెంబరు 11న సావో పాలో రాష్ట్రం ఒక చట్టం చేసి, కురుపిరను అడవులకూ జంతువులకూ రక్షకుడిగా రాష్ట్ర చిహ్నం చేసింది. అదే 1970లో సైనిక ప్రభుత్వం అమెజాన్‌ను చీల్చుకుంటూ పోయే ట్రాన్స్ అమెజాన్ రహదారి పని మొదలుపెట్టింది. 'మనుషులు లేని నేల, నేల లేని మనుషులకు' అన్నది ఆనాటి నినాదం. ఆ నేల మీద వేల ఏళ్లుగా ఉన్నవాళ్లను ఆ నినాదం మనుషుల లెక్కలోంచే తీసేసింది. ఒక వైపు కురుపిరకు చట్టబద్ధమైన గౌరవం, మరో వైపు కురుపిర మాట నిజంగా విని నడుచుకునే వాళ్ల ఇళ్ల మీదుగా బుల్‌డోజర్లు. 2005లో మాతో గ్రోసోలో కలప దొంగలను, వాళ్లతో కుమ్మక్కైన పర్యావరణ శాఖ ఉద్యోగులను పట్టుకోవడానికి ఫెడరల్ పోలీసులు జరిపిన దాడులకు ఆపరేషన్ కురుపిర అని పేరు పెట్టారు. 2025 నవంబరులో బెలేమ్ నగరంలో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సుకు చిహ్నం కురుపిరే. బెలేమ్ పిల్లలు తమ అమ్మమ్మ చెప్పిన పేరును ప్రపంచ సదస్సు తోరణం మీద చూసి సంతోషించి ఉంటారు, ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను. పోలీసులకు ఆ పేరు గుర్తుకు రావడం కూడా మంచిదే. కానీ చిహ్నంగా మారిన కురుపిర ఎవరినీ ఏమీ అడగడు. అతనికి పొగాకు పెట్టనవసరం లేదు, లెక్క అప్పగించనవసరం లేదు, అతని నేలలో అడుగుపెట్టే ముందు ఆగనవసరం లేదు. 1560లో దయ్యం అని పిలిచినప్పుడు కూడా అతనికి ఒక హక్కు ఉందని, ఆ హక్కుకు జనం కట్టుబడి ఉన్నారని ఉత్తరం రాసినవాడు గమనించాడు. ఇప్పుడు ప్రేమగా రక్షకుడు అంటున్నవాళ్లు ఆ హక్కునే మరచిపోతున్నారు.

దీనికి ఒక బలమైన ఎదురుప్రశ్న ఉంది, దానిని తప్పించుకోను. నమ్మనివాణ్ని కురుపిర ఏం చేయగలడు? రంపపు మోటారు చప్పుడులో అతని ఈల వినబడదు. ఉపగ్రహాల ద్వారా బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ తీసిన లెక్కల ప్రకారం అమెజాన్‌లో 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి నరికివేతకు గురైంది. 2012 నాటికి అది 4,571కి తగ్గింది. 2021లో మళ్లీ 13,038కి పెరిగింది. ఆ తగ్గుదల ఉపగ్రహ నిఘా, జరిమానాలు, దాడులు, కొత్తగా ప్రకటించిన రక్షిత ప్రాంతాల వల్ల వచ్చింది. వాటిని సడలించినప్పుడు నరికివేత పెరిగింది. కథలు అడవిని కాపాడాయని నేను రాస్తే అది అబద్ధమవుతుంది. ఆదివాసులందరూ పుట్టుకతోనే ప్రకృతి ప్రేమికులని చెప్పడం కూడా వాళ్లను మనుషులుగా చూడకపోవడమే. కురుపిర కట్టుబాటు ఆ కట్టుబాటులో ఉన్నవాళ్లనే ఆపుతుంది, బయటివాణ్ని ఆపదు.

అయితే మరో లెక్క కూడా ఉంది. బ్రెజిల్ భూవినియోగాన్ని ఉపగ్రహ చిత్రాలతో అధ్యయనం చేసే మాప్‌బయోమాస్ బృందం 1990 నుంచి 2020 వరకూ పరిశీలిస్తే, ఆదివాసీ భూముల్లో సహజమైన పచ్చదనం దాదాపు 1 శాతమే తగ్గింది, ప్రైవేటు భూముల్లో 20.6 శాతం తగ్గింది. ఇందులో నమ్మకం వాటా ఎంత, చట్టం వాటా ఎంత అని విడదీసి చూపడం ఎవరివల్లా కాదు. నాకు తోచిన మాట చెబుతాను: తమది కాని దానిని అడిగి తీసుకోవాలనే అలవాటు ఉన్న జనం ఒక చోట ఉండటం, ఆ చోటు నుంచి వాళ్లను వెళ్లగొట్టకూడదనే చట్టం ఉండటం, ఈ రెండూ కలిసిన చోట అడవి నిలిచింది. అలవాటు ఒక్కటే ఉండి చట్టం లేని చోట బయటివాడు వచ్చి నరికాడు.

చట్టం ఉన్నా అమలు లేని చోట మనుషులు అడ్డం నిలబడవలసి వస్తోంది. మరన్యావ్ రాష్ట్రంలోని అరరిబోయా అనే ఆదివాసీ భూమిలో గ్వజజారా యువకులు దళాలుగా ఏర్పడి కలప దొంగల దారులను కాపు కాస్తున్నారు. బయటి లోకంతో సంబంధం పెట్టుకోకుండా అదే అడవిలో తిరిగే అవా ప్రజల కోసం కూడా ఆ కాపు. ఆ దళంలోని పౌలో పౌలినో గ్వజజారాను 2019 నవంబరు 1న అడవిలో మాటు వేసి కాల్చి చంపారు. ఆ దళానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'అడవి రక్షకులు'. పిల్లల కథలో కురుపిరకు ఇవ్వబోయిన మాట నిజానికి వీళ్లదని ఆ పేరు చదివినప్పుడు తెలిసింది. ఆసామి ఒకరు, ఆసామి తరఫున కాపు కాసేవాళ్లు వేరొకరు. కాపు కాసేవాళ్లు తూటాకు చనిపోతారు, వాళ్లకు వెనక్కి తిరిగిన పాదాలు లేవు. రక్షకుడనే మాటను మరుగుజ్జు బొమ్మకు తగిలించి ఊరేగిస్తే, ఆ మాటకు నెత్తురు ధారపోసినవాళ్లు కనబడకుండా పోతారు. కురుపిరను రక్షకుడు అనవద్దని నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఇది.

అందుకని కాగితం మీద 'అడవి ఆసామి' అని రాసి మా అక్క కూతురికి చదివి వినిపించాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "ఆసామి అయితే అడవిని అమ్మేసుకోవచ్చు కదా పిన్నీ?" అంది. మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురు ఈ మధ్యనే పొలాలు అమ్ముకున్నారు. ఆసామి అంటే అమ్మగలవాడని పిల్లకు ఇంట్లో మాటల వల్లనే తెలుసు. ఈసారి మాత్రం జవాబు ఉంది. 1988 నాటి బ్రెజిల్ రాజ్యాంగం 231వ అధికరణం ప్రకారం ఆదివాసీ భూములను అమ్మడానికి గాని, అన్యాక్రాంతం చేయడానికి గాని వీల్లేదు. వాటి మీద హక్కుకు కాలదోషం పట్టదు. 1988 నాటికి ఆ నేల మీద ఉన్నట్టు రుజువు చేసుకున్నవాళ్లకే హక్కు ఉండాలన్న వాదాన్ని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తిరస్కరించింది, అదే ఏడాది చివర పార్లమెంటు ఆ వాదాన్నే మళ్లీ చట్టం చేసింది. పోట్లాట సాగుతూనే ఉంది. పిల్లకు ఇదంతా చెప్పలేదు. ఆ అడవిలో ఆసామి ఉంటాడు కానీ అమ్మకం ఉండదని, ఎందుకంటే అందులో పందులూ జింకలూ చెట్లూ ఇంకా పుట్టబోయేవాళ్లూ వాటాదారులని మాత్రం చెప్పాను.

కథలో కురుపిర అనే పేరును అలాగే ఉంచి, పక్కన తెలుగు మాట ఏదీ చేర్చకుండా రాశాను. అన్యంగా కథ కూడా ఉంచాను. మొత్తం చదివి వినిపించాక పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. జింక సంగతి అడుగుతుందనుకున్నాను.

"పిన్నీ, ఇప్పుడు ఆయనకి పొగాకు ఎవరు తీసుకెళ్లి ఇస్తున్నారు?" అని అడిగింది.